రహదారి: నల్లమల కనుమలు నడిచినవాళ్ల తారీఖ్

తెలుగులో రోడ్డుకు మర్యాదైన మాట రహదారి. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి అని బోర్డుల మీద, పేపర్లలో రోజూ చదువుతుంటాం. ఇది ఫార్సీ నుంచి వచ్చిన మాట. 'రాహ్' అంటే దారి. 'రాహ్‌దార్' అంటే దారికి కాపలా ఉండే మనిషి. 'రాహ్‌దారీ' అంటే ఆ మనిషి వచ్చేపోయే ముసాఫిర్ల దగ్గర, సరుకు మోసేవాళ్ల దగ్గర వసూలు చేసే సుంకం. సుంకం కట్టినట్టు చేతికిచ్చే చీటీని కూడా రాహ్‌దారీ అనే అనేవాళ్లు. ఉర్దూ బడిలో చదివి తెలుగు డిగ్రీలో చేరిన నాకు ఇది మొదట్లో వింతగా ఉండేది. సుంకం పేరు దారికెలా అంటుకుంది? నా ఖయాల్ ఏమంటే, సుంకం లేని దారిని జనం పెద్దగా చూసి ఉండరు. దారి ఉన్న ప్రతిచోటా నాకా ఉండేది. పోనుపోను ఆ వసూలు పేరే దారి పేరైపోయింది.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. మనం మంజిల్ అనేది తెలుగులో మజిలీ అయింది. ముసాఫిర్ఖానా, సరాయి, హర్కారా కూడా అలా కాలినడకన వచ్చినవే. ఇవి దర్బారుల్లో పుట్టి ఉండొచ్చు గానీ, పల్లెటూరి రైతు నోటికి చేరింది మాత్రం దారుల మీదుగానే. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టినవాళ్లకు అలాంటి దారుల్లో అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా పాతది నల్లమల దారి. దాని గురించి మన పుస్తకాల్లో రెండు రకాల కథలే ఉంటాయి. ఒకటి ఫౌజుల కథ, రెండోది తీర్థయాత్ర కథ. ఆ పహాడ్‌ను రోజీ కోసం దాటిన గరీబుల తారీఖ్ ఎక్కడా ఒకచోట కనపడదు. ఈ వ్యాసం వాళ్ల గురించి.

పహాడ్, దాని తలుపులు

పల్నాడు పత్తి చేలలో నిలబడినా, మార్కాపురం మిర్చి కల్లాల్లో నిలబడినా పడమటి వైపు ఒక నీలపు గీత కనపడుతుంది. అదే నల్లమల. ఉత్తరాన కృష్ణా నది నుంచి దక్షిణాన పెన్నా వైపు దాకా ఒకదాని వెనుక ఒకటిగా వరసలు. కొన్ని శిఖరాలు 3,000 అడుగులు దాటతాయి. మన గుండ్లకమ్మ పుట్టేది అక్కడే, గుండ్లబ్రహ్మేశ్వరం అడవుల్లో. అక్కడి నుంచి కంభం చెరువులోకి దిగి, మార్కాపురం, అద్దంకి ప్రాంతాలు చుట్టి, ఒంగోలు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండకూ సముద్రానికీ మధ్య ఉన్న మన మైదానం అంతా ఒక రకంగా ఈ ఏరు చెప్పే కథే.

ఈ కొండను ఎక్కడ పడితే అక్కడ దాటలేం. దానికి తలుపులున్నాయి. వాటినే కనుమలు అంటారు. ఉత్తరాన దోర్నాల నుంచి ఆత్మకూరు వైపు పోయే మంత్రాల కనుమ. దక్షిణాన కంభం, గిద్దలూరు నుంచి నంద్యాల వైపు పోయే నంది కనుమ. దోర్నాల, మార్కాపురం, కంభం, గిద్దలూరు ఊళ్లు తూర్పు గుమ్మాల దగ్గర పెరిగినవే. కొండ దిగి వచ్చినవాడు మొదట కాళ్లు చాపేది, ఎక్కబోయేవాడు చివరిసారి తిండీ నీళ్లూ సర్దుకునేదీ అక్కడే.

లోపల దారిని నీళ్లు నిర్ణయిస్తాయి. శివరాత్రికి ఇప్పటికీ వేలమంది ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచే దారి చూడండి: వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. ఆరు పేర్లలో మూడు నీళ్ల పేర్లు. చెరువు, బావి, కొలను. ఎండాకాలం అడవిలో నీళ్లున్న చోటే మజిలీ. నీళ్లు ఎండిపోతే ఆ ఏడు దారి కూడా ఎండిపోయినట్టే. దీనికి తోడు జంతువుల భయం, అంతకన్నా పెద్ద భయం చలిజ్వరం. నల్లమల మలేరియాకు పేరుమోసిన అడవి. పులికి దొరికినవాళ్ల కంటే దోమకు దొరికినవాళ్లే ఎక్కువ.

మన ఫిఖ్‌లో సఫర్ లెక్క కూడా కాలినడక లెక్కే. నమాజును కస్ర్ చేసుకోవడానికి హనఫీ ఉలమా పెట్టిన హద్దు మూడు రోజుల నడక దూరం. తర్వాతి కాలంలో దాన్ని 48 మైళ్లుగా, ఇప్పుడు సుమారు 78 కిలోమీటర్లుగా చెబుతున్నారు. పాత కితాబుల్లో ఇంకో మాట కూడా ఉంది. కొండ దారి అయితే మైదానం లెక్క పనికిరాదు, కొండకు తగిన నడకతోనే మూడు రోజులు చూడాలి అని. ఆ మస్అలా రాసినవాళ్లు నల్లమల చూడలేదు. కానీ కొండలో ఒక మైలు, నేల మీద ఒక మైలు ఒకటి కావని నడిచే ప్రతివాడికీ తెలుసు.

నమక్ ఖాఫిలాలు

ఈ కనుమలను ప్రతి ఏడూ, తప్పకుండా, వేల పశువులతో దాటినవాళ్లు ఉప్పు మోసేవాళ్లు. కోస్తాలో ఉప్పు పండుతుంది. చినగంజాం, కనపర్తి వైపు ఉప్పు కొఠార్లు మనకు తెలిసినవే. కొండకు అవతల, కర్నూలు, బళ్లారి, హైదరాబాద్ వైపు జనానికి సముద్రం లేదు. వాళ్ల పప్పులో, పచ్చట్లో పడే సముద్రపు ఉప్పు ఎవరో ఒకరు కొండ మీదుగా మోసుకుపోవాల్సిందే. తిరుగు ప్రయాణంలో పత్తి, జొన్నలు, పప్పులు.

బండ్లు ఎందుకు కావంటే రెండు కారణాలు. కనుమల్లో బండి చక్రం తిరగదు. కొండ దిగాక మన రేగడి నేల, నాలుగు చినుకులు పడితే ఇరుసు దాకా మింగేస్తుంది. అందుకని ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడే సంచి వేసేవాళ్లు. ఆ సంచి పేరు పెరిక, ఆ ఎద్దు పేరు పెరిక ఎద్దు. పెరిక కులానికి ఆ పేరు వచ్చింది దాని నుంచే. పెరిక ఎద్దుకు రోడ్డు అక్కర్లేదు. మేతకు పైసా ఖర్చు లేదు, దారి పొడవునా బీళ్లలో, అడవిలో మేసుకుంటూ పోతుంది. రోజుకు పది, పన్నెండు కిలోమీటర్ల కంటే ఎక్కువ నడవదు. ఆ లెక్కన చీరాల తీరం నుంచి కొండ దాటి నంద్యాల చేరాలంటే మూడు వారాలు పడుతుంది. పంటలు కోశాక బయలుదేరి, వానలు పడకముందే ఇల్లు చేరాలి.

17వ శతాబ్దంలో గోల్కొండ సల్తనత్‌లో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఈ ఖాఫిలాలను కళ్లారా చూసి రాశాడు. ఒక్కో గుంపులో పది, పన్నెండు వేల ఎద్దులుండేవట. ఇరుకు దారిలో ఎదురుపడితే అవి దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. వాళ్లలో నాలుగు తెగలని, ఒక తెగ బియ్యం, ఒకటి తక్కిన ధాన్యాలు, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు మోస్తాయని చెప్పాడు. వాళ్లకు ఇళ్లు లేవు, గుడారాలే బతుకు. మనం లంబాడీలు, సుగాలీలు అని పిలిచే బంజారాలు వీళ్లే. రాత్రి మజిలీలో సంచులను గోడలా పేర్చి, పశువులను లోపల కట్టి, కుక్కలను కాపలా పెట్టి పడుకునేవాళ్లు. మొఘల్ ఫౌజులు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాటికి తిండి చేర్చింది కూడా బంజారా ఎద్దులే. షాజహాన్ వజీర్ ఆసఫ్ ఖాన్ తమ నాయకులకు రాగి రేకు మీద హక్కులు రాసిచ్చాడని, నీళ్లూ గడ్డీ ఎక్కడైనా తీసుకోవచ్చన్నాడని బంజారాలు తరతరాలుగా చెప్పుకుంటారు.

టావెర్నియే చూసిన గోల్కొండలో మన జిల్లా చిన్నదేమీ కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పని చేస్తుండగా చూశానని రాశాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. 1652లో అతను మచిలీపట్నం నుంచి మద్రాసు మీదుగా గండికోట దాకా పోయి అక్కడ మీర్ జుమ్లాను కలిశాడు. వజ్రం గురించి మనం చాలా చదివాం. అరవై వేల నోళ్లకు అన్నంలోకి ఉప్పు ఎవరు మోశారో చదవలేదు.

బంజారాలు పెద్ద ఖాఫిలాలు నడిపేవాళ్లయితే, చిన్న చిన్న గుంపుల్లో, నాలుగు ఎద్దులో పది గాడిదలో తోలుకుని ఊరూరా తిరిగినవాళ్లు ఎరుకలవాళ్లు. వాళ్లలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల అని శాఖల పేర్లే సరుకుల పేర్లు. పెద్ద షావుకారు పోని ఊరికి కూడా వాళ్లు పోయేవాళ్లు. ఉప్పిచ్చి ధాన్యం తీసుకునేవాళ్లు. ఆడవాళ్లు బుట్టలల్లి అమ్మేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. మన నూర్‌బాషాలు కూడా ఇలాంటి నడక మనుషులే. దూదేకే విల్లు భుజాన వేసుకుని, పత్తి ఊళ్లలో ఇంటింటికీ తిరిగి పరుపులకు దూదేకి పెట్టారు. సాయిబు విల్లు చప్పుడు వినపడితే చలికాలం వచ్చిందని ఊరికి తెలిసేది.

అడవి లోపల దారి మాత్రం చెంచులది. కనుమలకు కాపలా వాళ్లే, దారి చూపేది వాళ్లే. ముసాఫిర్లను క్షేమంగా దాటించినందుకు కొంత రుసుం తీసుకునే హక్కు వాళ్లకుండేది. నీళ్లెక్కడున్నాయో చెంచుకు తెలిసినట్టు ఏ నక్షాకూ తెలియదు.

గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్లు

హుకూమత్‌లు మారాయి. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అది నడిచేవాడికి చేసిన మేలు, ఆ పేరు ఇంకా నిలిచి ఉంది. తర్వాత విజయనగరం, ఆ తర్వాత కుతుబ్ షాహీలు. కొండవీడు వాళ్ల చేతికొచ్చాక ఈ ప్రాంతమంతా సర్కారు కాగితాల్లో ముర్తజానగర్ అయింది. గుంటూరు సర్కారుకు ఆ పేరు చాలా కాలం నడిచింది.

ఇక్కడ మనకు కాస్త చేదుగా ఉండే మాట ఒకటి చెప్పాలి. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో శ్రీశైలం కర్నూలు నవాబుల చేతిలో ఉండేది. 1794లో కోలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వే అధికారి ఆ కొండెక్కి గుడిని చూసి రాసిన దినచర్య తర్వాత అచ్చయింది. యాత్రికుల నుంచి వచ్చే సొమ్ము నవాబుకు పోతోందని అందులో ఉంది. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయలుదేరి ఆ దారినే వచ్చాడు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో కదిలి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరాడు. మజిలీ మజిలీకి ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో, ఎక్కడ నీళ్లున్నాయో, ఎక్కడ ఎంత సుంకమో రాసిపెట్టాడు. కర్నూలు నవాబు యాత్రికుల దగ్గర డబ్బు తీసుకుంటాడు గానీ గుడి బాగోగులు పట్టించుకోడని ఆయన బాధ.

నవాబు మనవాడని దీన్ని దాచాల్సిన అవసరం లేదు. నవాబు ముసల్మాన్ కాబట్టి ఇలా చేశాడని ఎవరైనా అంటే దానికీ తలాడించనక్కర్లేదు. ఎందుకంటే అదే రోజుల్లో ఈస్టిండియా కంపెనీ పూరీలో, గయలో, ఇలాహాబాద్‌లో యాత్రికుల పన్ను వసూలు చేస్తోంది. 1840 దాకా చేసింది. తిరుపతి గుడి రాబడి కూడా 1843లో హాథీరాంజీ మఠానికి అప్పగించేదాకా కంపెనీ లెక్కల్లోనే పడింది. మరో వైపు, ఔరంగజేబ్ తఖ్త్ ఎక్కిన కొత్తలోనే రాహ్‌దారీని రద్దు చేస్తూ ఫర్మాన్ ఇచ్చాడు. దూరాన ఉన్న జాగీర్దార్లు, జమీందార్లు వసూలు మానలేదు. హిందువు గుమ్మం దగ్గర కూర్చున్నా, ముసల్మాన్ కూర్చున్నా, ఇంగ్లీషువాడు కూర్చున్నా, ఎద్దు మీద ఉప్పు తోలుకుపోయేవాడికి కనపడింది చాచిన చెయ్యే. మద్రాసు రాజ్యంలో ఊళ్ల మధ్య సరుకు మీద వేసే సుంకాలు ఎత్తేసింది 1844లో.

ఈ కొండ ఎవరి మాట వినదో చూపే సంగతి ఒకటుంది. నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్‌కు రెండు జాగీర్లు: కొండకు ఇటు గుంటూరు, అటు ఆదోని. మధ్యలో నల్లమల. 1779లో గుంటూరును కౌలుకు తీసుకున్న మద్రాసు కంపెనీ, బసాలత్ జంగ్‌కు సాయంగా కల్నల్ హార్పర్ అనే అధికారి కింద ఒక ఫౌజును ఆదోనికి పంపింది. దారి హైదర్ అలీ అజమాయిషీలో ఉన్న కడప, కర్నూలు ఇలాఖాల గుండా పోవాలి. ఆయన ఇజాజత్ అడగలేదు. కనుమల్లో హైదర్ మనుషులు దారి మూసేశారు. తుపాకులున్న ఫౌజు వెనక్కి తిరగాల్సి వచ్చింది. మరుసటి ఏడు, 1780లో, హైదర్ అలీ కర్ణాటకం మీద విరుచుకుపడటానికి ఉన్న కారణాల్లో ఈ గుంటూరు వ్యవహారం ఒకటి. ఫౌజు దాటలేని ఆ కొండలనే బంజారా ఆడమనిషి చంకలో బిడ్డతో, ముందు ఎద్దులతో ఏటా దాటింది. 1788లో గుంటూరు కంపెనీకి దఖలు పడింది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించేసి ఆ రాజ్యాన్ని కూడా కలిపేసుకున్నారు. కొండకు రెండు వైపులా ఒకే సర్కారు వచ్చింది.

రైలు వచ్చింది, రోజీ పోయింది

నడిచేవాళ్ల మీద దెబ్బ ఒక్కసారిగా పడలేదు. ఒకదాని తర్వాత ఒకటిగా పడింది. 1805లో కంపెనీ మద్రాసు రాజ్యంలో ఉప్పును తన గుత్తాధిపత్యం చేసుకుంది. కొఠారు దగ్గర సర్కారు చెప్పిందే ధర. చిన్న గుంపుల ఎరుకలవాళ్లకు, పెద్ద మూట కొనే పెట్టుబడి లేనివాళ్లకు, సరుకు అందకుండా పోవడం అక్కడ మొదలైంది. 1833లో గుంటూరు కరువు. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని ఆనాటి లెక్కలు. 1876-78 కరువులో మనుషులతో పాటు పశువులు కుప్పలు కుప్పలుగా చచ్చాయి. పెరిక ఎద్దు చచ్చిందంటే ఒక ఇంటి దుకాణం మూతపడినట్టే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఉచితంగా మేసిన అడవి రిజర్వు ఫారెస్టు అయింది. మేతకు పుల్లరి, తప్పిపోయిన పశువుకు బందెలదొడ్డి. పల్నాడులో ఇదే పుల్లరి మీద కన్నెగంటి హనుమంతు తిరగబడి 1922లో పోలీసు కాల్పుల్లో ప్రాణం ఇచ్చాడు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ రైలు. 76-78 కరువు తర్వాత, ధాన్యం త్వరగా చేర్చడానికని కొన్ని లైన్లు వేశారు. బళ్లారి నుంచి కృష్ణ దాకా వేసిన మీటర్ గేజ్ లైను అలాంటిదే. 1880ల్లో నల్లమలను తొలిచి నంద్యాల వైపు నుంచి కంభం, మార్కాపురం వైపు దింపారు. బొగడ దగ్గర సొరంగం, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన. ఆ చలిజ్వరాల అడవిలో రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎక్కడా చెక్కలేదు. ఊరికి మాత్రం దొరబావి అనే పేరే మిగిలింది. 1990ల్లో బ్రాడ్ గేజ్ వేసినప్పుడు దారి మార్చారు. పాత వంతెన స్తంభాలు అడవిలో అలాగే నిలబడి ఉన్నాయి.

రైలు జనానికి మేలు చేయలేదని నేననను. కరువులో గింజలు చేరడానికి అది కావాలి. ఇప్పుడు మనం గుంటూరులో ఎక్కి, కంభంలో కునుకు తీసి, నంద్యాలలో దిగుతాం. కానీ మూడు వారాల పని కొన్ని గంటల పనైనప్పుడు, ఆ మూడు వారాలు ఎవరి రోజీయో వాళ్లను సర్కారు ఏం చేసింది? భూమి ఇచ్చిందా, వేరే పని చూపిందా? జవాబు బాపట్ల దగ్గరే ఉంది.

పాసు లేకుండా అడుగు బయట పెట్టొద్దు

ఉత్తరాదిలో 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజ్యానికి కూడా తెచ్చారు. ఒక ఊరిలో, ఒక పొలంలో స్థిరంగా లేకుండా తిరిగే జాతులంటే సర్కారుకు మొదటి నుంచీ షక్కే. ఎరుకలవాళ్లను ఆ చట్టం కింద రాసేశారు. సుగాలీలను కూడా చాలాచోట్ల వదల్లేదు. ఒక మనిషి దొంగతనం చేశాడా లేదా అన్నది సవాల్ కాదు. ఆ జాతిలో పుట్టడమే జుర్మ్. వేలిముద్రలు, పేరు నమోదు, హాజరీ.

1913-14లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతికి ఒక సెటిల్‌మెంట్ అప్పగించారు. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ మెంబరు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద దానికి స్టువర్టుపురం అని పేరు. అక్కడ చేర్చినవాళ్లు పాసు లేకుండా బయటికి పోకూడదు. చీరాల పొగాకు కంపెనీ ఆకు ఫ్యాక్టరీకి వాళ్లు మంచి చవక కూలీలయ్యారు. ఎంత తిరిగితే అంత రోజీ అన్నట్టు బతికినవాళ్లకు తిరగడమే నేరమైంది. ఆ పాసు ఏమిటి? నా కంటికి అది పాత రాహ్‌దారీయే. ఒకప్పుడు సరుకుకు కావాల్సిన చీటీ ఇప్పుడు మనిషికే కావాల్సి వచ్చింది. సుంకం కట్టి దాటే వీలు కూడా లేదు.

మద్రాసులో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952లో పోయింది. పేరు మాత్రం పోలేదు. స్టువర్టుపురం పేరు సినిమా పోస్టర్లకెక్కింది. ఇప్పటికీ మన ఇళ్లల్లో ఎవరి చెప్పులో పోతే ఆ ఊరి పేరు తీసి నవ్వేవాళ్లున్నారు. మన దావతుల్లో కూడా ఆ మాట విన్నాను. ఎరుకల పేరు పెట్టి తిట్టేవాళ్లనూ విన్నాను. ఒక్క మాటతో మొత్తం బిరాదరీని దొంగలను చేయడం, ఒక ఊరి పేరు చెప్పగానే గది అద్దెకు ఇవ్వకపోవడం, ఇవి ఎలా ఉంటాయో ముసల్మాన్లకు వేరే ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆ నొప్పి తెలిసినవాళ్ల నోటి నుంచి ఆ జోక్ రాకూడదు.

కొందరు దోస్తులు అడగొచ్చు, ఎరుకల, సుగాలీ, చెంచుల తారీఖ్‌తో మనకేం పని అని. పని ఉంది. ఆ కనుమల గుండా వచ్చిన మాటలు మనం రోజూ వాడుతున్నాం. ఆ ఎద్దులు మోసిన ఉప్పు ముర్తజానగర్ సుబేదారు దస్తర్‌ఖాన్ మీదా పడింది, దూదేకుల సాయిబు గంజిలోనూ పడింది. నమక్ తిన్నవాడి మీద దాన్ని మోసినవాడి హక్ కొంత ఉంటుంది. ఇంకోటి, జకాత్ హక్‌దారులను లెక్కపెట్టిన చోట ఖురాన్ ఎనిమిది రకాల మనుషులను చెప్పింది. అందులో ఒకరు ముసాఫిర్, ఇబ్నుస్సబీల్, అంటే దారికి పుట్టిన బిడ్డ. ఏ మజ్‌హబ్ సర్కారైనా ఆ బిడ్డ చేతిలోంచి తీసుకున్నదే ఎక్కువ. ఇవ్వమని చెప్పిన దీన్ మనది.

ఇప్పుడు నల్లమల టైగర్ రిజర్వు. రాత్రిపూట ఘాట్ రోడ్డు గేట్లు వేస్తారు, అది జంతువుల కోసం, మంచిదే. సెలవుల్లో కుర్రాళ్లు వీపున సంచులు తగిలించుకుని ట్రెక్కింగ్ అంటూ పోతున్నారు. పోవాలి, మన పిల్లలు కూడా పోవాలి. ఫారెస్టువాళ్ల ఇజాజత్ తీసుకుని, ఆ అడవి తెలిసిన చెంచు గైడును వెంట పెట్టుకుని, అతనికి తగిన కూలి ఇచ్చి పోవాలి. నాలుగు అడుగుల దూరంలో ఆయాసం వచ్చినప్పుడు ఒక్కసారి ఆగి, ఇదే చోట సగం నిండిన నీళ్ల తోలుసంచితో, ఉప్పు మూటలతో నిలబడిన మనుషులను గుర్తు చేసుకోవాలి.

చివరగా ఒక దర్ఖాస్తు. మార్కాపురం, కంభం, గిద్దలూరు, వినుకొండ, మాచర్ల వైపు మన ఖాందాన్లు చాలా ఉన్నాయి. మీ దాదీలు, నానాలు ఇంకా ఉంటే ఒక సాయంత్రం పక్కన కూర్చుని అడగండి. మనవాళ్లు ఈ ఊరికి ఏ వైపు నుంచి వచ్చారు? బండి మీదా, కాలినడకనా? ఎక్కడెక్కడ మజిలీ చేశారు? దారిలో ఎవరు నీళ్లిచ్చారు? వాళ్లు చెప్పే ఊళ్ల పేర్లు ఉన్నవున్నట్టుగా ఒక నోటుబుక్కులో రాసి, తారీకు వేసి దాచండి. సుంకం తీసుకున్నవాళ్ల లెక్కలు దఫ్తర్లలో భద్రంగా ఉన్నాయి. నడిచినవాళ్ల లెక్క మనం రాస్తేనే ఉంటుంది.

ఖుదా హాఫిజ్.